పెళ్లికి వచ్చినవాళ్లకి రిటర్న్ గిఫ్ట్‌గా చాక్లెట్లు ఇవ్వచ్చా?

వెన్నెలవాన
వచ్చే వేసవిలో నా పెళ్లి. సాయంత్రం పూట, ఆరుబయట. 400 మంది దాకా వస్తారు. రిటర్న్ గిఫ్ట్‌గా చిన్న డబ్బాలో మంచి చాక్లెట్లు పెట్టి ఇవ్వాలని నాకు ఎప్పటినుంచో ఉంది. ఇంట్లో ఒక్కరూ ఒప్పుకోవడం లేదు. అన్నయ్యేమో “అందరి చేతుల్లో కరిగి ముద్దవుతాయి, చూసుకో” అంటాడు. కాబోయే అత్తగారు “తినేస్తే ఏం మిగులుతుంది? పదికాలాల పాటు ఇంట్లో ఉండేది ఇద్దాం” అంటున్నారు. నాన్న నవ్వి ఊరుకుంటున్నారు, అంటే అత్తగారి మాటే నెగ్గేలా ఉంది. ఇచ్చినవాళ్లు, పుచ్చుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. ఏ రకం తీసుకోవాలి, ఎన్ని పెట్టాలి, ఎప్పుడు చేతికివ్వాలి? పెళ్లి టెన్షన్ కన్నా ఈ టెన్షనే ఎక్కువైంది.

గడపదాటని_పిల్లి
ఇంకేం ఆలోచించకుండా ఇచ్చేయండి. పెళ్లిళ్లలో వచ్చిన వస్తువులతో మా అల్మరాలో ఒక అర నిండిపోయింది. వాడబుద్ధి కాదు, పారేయడానికి మనసొప్పదు. చాక్లెట్‌తో ఆ బాధ లేదు.

పెద్దరికం_60
పిల్లీ, అన్నీ అలా ఉండవు. మా మేనకోడలి పెళ్లిలో ఇచ్చిన చిన్న గిన్నె నేను రోజూ వాడతాను. చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఆ పిల్ల గుర్తొస్తుంది. వెన్నెలా, మీ అత్తగారి మాటలో న్యాయం ఉందమ్మా, తీసిపారేయకు.

గడపదాటని_పిల్లి
గిన్నె అయితే నేనూ వాడుకునేదాన్ని పెద్దమ్మా. నాకు వచ్చినవన్నీ ఫొటో ఫ్రేములు. అందులో ముందే పెళ్లికూతురూ పెళ్లికొడుకూ నవ్వుతూ ఉంటారు. నా ఫొటో ఎక్కడ పెట్టుకోను?

రెండోజడ
ఆఫీసులో చదివి పైకి నవ్వేశాను. నా ఓటు చాక్లెట్‌కే.

కోకోచేతులు
ఆర్డర్ల మీద చాక్లెట్లు చేసి ఇస్తుంటాను, పెళ్లిళ్లకి కూడా. కాస్త పొడుగ్గా చెబుతాను, ఓపిగ్గా చదవండి.

మీ అన్నయ్య భయం ఉత్తుత్తిది కాదు. అసలైన చాక్లెట్‌లో ఉండే కొవ్వు పేరు కోకో బటర్. గట్టిపడేటప్పుడు అది ఆరు రకాల స్ఫటికాలుగా కట్టుకోగలదు. మనకు కావలసింది ఐదో రకం. పైన నిగనిగలాడుతూ, విరిస్తే టక్‌మని చప్పుడు వచ్చేది అదే. ఆ రకం దాదాపు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మన ఒంటి వేడి 37. అందుకే నోట్లో పెట్టుకోగానే హాయిగా కరుగుతుంది, అందుకే వేసవిలో చేతిలోనూ కరుగుతుంది. ఆ రుచీ ఈ చిక్కూ ఒకే చోటి నుంచి వస్తున్నాయి. పైగా 34 దాకా గట్టిగా ఉంటుందని లెక్కేసుకోకండి, 30 దగ్గరకి వచ్చేసరికే మెత్తబడటం మొదలవుతుంది. మిల్క్ చాక్లెట్ అయితే డార్క్ కన్నా ముందే మెత్తబడుతుంది, అందులో పాల కొవ్వు కూడా ఉంటుంది కాబట్టి.

ఒకసారి మెత్తబడి మళ్లీ గట్టిపడిందంటే పైకి తెల్లటి పొర తేలుతుంది. దాన్ని బ్లూమ్ అంటాం. తింటే ఏమీ కాదు. కానీ చూసినవాళ్లు బూజు పట్టిందనుకుని పారేస్తారు. మీరు ముచ్చటపడి ఇచ్చిన డబ్బా వాళ్లింట్లో అలా తెరుచుకోకూడదు కదా.

ఇక కాంపౌండ్ అని ఇంకోటి ఉంది. అందులో కోకో బటర్ బదులు వేరే నూనెగింజల కొవ్వు వేస్తారు. వేడికి ఎక్కువసేపు ఆగుతుంది, చేయడం సులువు, చవక కూడా. కానీ మైనం నమిలినట్టుంటుంది. కరగదు, నాలుకకి పట్టుకుంటుంది. కొనేముందు ప్యాకెట్ వెనక కోకో బటర్ అని ఉందా, వెజిటబుల్ ఫ్యాట్ అని ఉందా చూసుకోండి. పెళ్లికి మాత్రం కాంపౌండ్ వద్దని నా మాట.

వెన్నెలవాన
ఇంత ఓపిగ్గా చెప్పినందుకు చాలా థ్యాంక్స్ అండీ. ఆ ఐదో రకమే వచ్చిందని మాలాంటివాళ్లకి ఎలా తెలుస్తుంది?

కోకోచేతులు
ముందు శాంపిల్ తెప్పించుకోండి. ర్యాపర్ విప్పి వెలుతురులో పట్టుకుంటే పైన మీ వేలి నీడ కనిపించాలి. రెండు చేతులతో విరిస్తే చప్పుడు రావాలి, విరిగిన అంచు పొడిపొడిగా రాలకుండా శుభ్రంగా ఉండాలి. చప్పుడు లేకుండా వంగితే టెంపరింగ్ సరిగా చేయలేదన్నమాట. టెంపరింగ్ అంటే, డార్క్ చాక్లెట్ అయితే 45–50 డిగ్రీల దాకా పూర్తిగా కరిగించి, కలుపుతూ 27–28కి దించి, మళ్లీ 31–32కి తెచ్చి అచ్చుల్లో పోయడం. చేసేవాళ్లని అడగండి. పని తెలిసినవాళ్లయితే ఈ అంకెలు గడగడా చెబుతారు.

మండపంమనిషి
పెళ్లి ఏర్పాట్లు చూసేవాణ్ణి. నాకు తెలిసినంతలో చాక్లెట్లు పాడయ్యేది పంచేటప్పుడు కాదు, అంతకుముందు. డబ్బాలన్నీ మధ్యాహ్నమే దించుతారు, నీడగా ఉందని ఓ మూల పేరుస్తారు. గంట తర్వాత ఎండ జరిగి ఆ మూలకే వస్తుంది. అప్పటికి అందరూ ఏదో ఒక పనిలో ఉంటారు, ఎవరూ చూడరు. సాయంత్రం విప్పేసరికి అట్టడబ్బా అడుగున నూనె మరకలు.

మీ పెళ్లికి నా సలహా: చివరి గంట దాకా డబ్బాలు ఏసీ గదిలోనే ఉండాలి. కుర్చీల మీద ముందే పెట్టకండి. బయటికి వెళ్లే దారిలో ఒక బల్ల వేసి, నమ్మకమైన ఇద్దరు మనుషుల్ని నిలబెట్టి, వెళ్లేవాళ్ల చేతికివ్వండి. అయిపోతున్నకొద్దీ లోపలి నుంచి కొన్ని కొన్ని తెప్పించుకోవాలి. సాయంత్రం పెళ్లి కావడం మీ అదృష్టం. పగటిపూట అయితే ఎండలో ఆగిన కారు లోపల 50 డిగ్రీలు దాటిపోతుంది, అక్కడ ఏ చాక్లెట్టూ నిలవదు.

నిద్రమత్తు
ఇంత కష్టం ఎందుకు, ఫ్రిజ్‌లో పెట్టి సమయానికి తీస్తే పోలా?

కోకోచేతులు
పోదు నిద్రమత్తు గారూ, అదే అందరూ చేసే పని. చల్లటి చాక్లెట్‌ని బయటికి తీయగానే గాల్లోని తేమ దాని మీద చెమటలా పడుతుంది. ఆ తడికి పైనున్న చక్కెర కరిగి, ఆరాక గరుకుగా తెల్లగా మిగులుతుంది. ఇది రెండో రకం బ్లూమ్. పైగా ఫ్రిజ్‌లో ఉన్న వాసనలన్నీ చాక్లెట్ పీల్చుకుంటుంది. తప్పదనుకుంటే గాలి చొరబడని డబ్బాలో పెట్టి, తీశాక గది వేడికి వచ్చేదాకా మూత తీయకుండా ఆగాలి. నిల్వకి మేలైనది 15–18 డిగ్రీలుండే పొడి గది.

మండపంమనిషి
అవును. ఐస్ జెల్ ప్యాకెట్ల మధ్య పెట్టి తెచ్చేవాళ్లకీ ఇదే వర్తిస్తుంది. ప్యాకెట్ నేరుగా డబ్బాకి తగలకుండా మధ్యలో దళసరి గుడ్డ వెయ్యాలి.

లెక్కలపిచ్చి
400 మందికి 400 డబ్బాలు చేయించకండి. కుటుంబానికో డబ్బా చాలు, సగానికి సగం తగ్గిపోతాయి. మిగిలిన డబ్బుతో మంచి రకం కొనొచ్చు.

రెండోజడ
లెక్కలు గారూ, మా ఇంట్లో ఐదుగురం. ఐదుగురికీ ఒకే డబ్బా ఇస్తే ఇల్లు చేరేలోపు కారులోనే యుద్ధం.

లెక్కలపిచ్చి
డబ్బాలో ఆరు ముక్కలు పెట్టిస్తే యుద్ధం ఉండదు. ఆరోది నడిపేవాళ్లకి.

రెండోజడ
నడిపేది నేనే. ఒప్పుకున్నాను.

పాపకోసం
ఎవరూ ఎత్తని సంగతి ఒకటి చెప్పాలి. మా పాపకి వేరుశెనగ, జీడిపప్పు, బాదం ఏదీ పడదు. పొరపాటున ఒక్క ముక్క తిన్నా పెదవులు వాచిపోతాయి, ఊపిరి ఆడదు, ఆసుపత్రికి పరుగెత్తాలి. పెళ్లిలో ఇచ్చే అందమైన డబ్బా మీద పెళ్లివాళ్ల పేర్లుంటాయి, లోపల ఏముందో ఎక్కడా రాయరు. పాప ఆశగా చూస్తుంటే చేతిలోంచి లాక్కోవాల్సి వస్తుంది. దయచేసి డబ్బా అడుగున చిన్న అక్షరాలతోనైనా రాయించండి: పాలు ఉన్నాయా, పప్పులు ఉన్నాయా, సోయా ఉందా, గోధుమ ఉందా. పప్పులు వేయకపోయినా అదే మెషీన్ మీద పప్పుల చాక్లెట్ చేస్తుంటే ఆ ముక్క కూడా రాయమనండి.

వెన్నెలవాన
నాకు ఈ ఆలోచనే రాలేదు. తప్పకుండా రాయిస్తాను. అసలు పప్పులు లేనివే తీసుకుంటాను.

కోకోచేతులు
పాపకోసం గారూ, సరిగ్గా చెప్పారు. సోయా మాత్రం చాలా చాక్లెట్లలో ఉంటుంది, అన్నీ సాఫీగా కలవడానికి వేసే లెసిథిన్ రూపంలో. డార్క్ అని రాసి ఉన్నా పాల ఆనవాళ్లు ఉండొచ్చు. అమ్మేవాళ్ల మాట మీద కాదు, చేసేవాళ్ల లేబుల్ మీదే నమ్మకం పెట్టుకోవాలి.

చప్పరింత
దీనికి జతగా ఇంకోటి. లోపల లిక్కర్ పోసిన చాక్లెట్లు మాత్రం వద్దు. డబ్బా ఎవరి పేరున ఇచ్చినా చివరికి పిల్లల చేతిలోనే తెరుచుకుంటుంది.

తీపి_తగ్గించు
షుగర్ ఉన్నవాళ్ల సంగతి? మా బంధువుల్లో సగం మంది మాత్రల మీదే ఉన్నారు. షుగర్‌ఫ్రీ చాక్లెట్ పెట్టించండి.

మందులషాపు_పక్కన
అందరికీ షుగర్‌ఫ్రీ పెట్టకండి. వాటిలో చాలావరకు చక్కెర బదులు మాల్టిటాల్ లాంటి తీపి పదార్థాలు వేస్తారు, నాలుగు ముక్కలు ఎక్కువ తింటే కడుపు ఉబ్బి విరేచనాలు పట్టుకుంటాయి. పెళ్లి జ్ఞాపకంగా అది మిగలకూడదు. మాల్టిటాల్ రక్తంలో చక్కెరని అస్సలు పెంచదనీ కాదు, తక్కువ పెంచుతుంది, అంతే.

తీపి_తగ్గించు
మరి డార్క్ పెడితే?

మందులషాపు_పక్కన
నయమే. అయితే 70 శాతం డార్క్ అంటే మిగిలిన 30లో ఎక్కువ చక్కెరే. ఒక చిన్న ముక్కకి ఫరవాలేదు అనుకునేవాళ్లు తింటారు, వద్దనుకునేవాళ్లు మనవలకి ఇచ్చుకుంటారు. పెద్దవాళ్ల షుగర్ పెద్దవాళ్లకి తెలుసు.

పెద్దరికం_60
నాకు షుగరుంది. పెళ్లిలో నన్ను వేరుగా చూసి వేరే డబ్బా చేతిలో పెడితే నొచ్చుకుంటాను. అందరికీ ఇచ్చిందే నాకూ ఇవ్వండి.

గింజనుంచి
వెన్నెల గారూ, కోకో ఎక్కడి నుంచి వస్తోందో కూడా చూడండి. ప్రపంచంలో పండే కోకోలో సగానికి పైగా ఐవరీ కోస్ట్, ఘనా దేశాలదే. అక్కడి తోటల్లో పిల్లలతో పని చేయించడం ఎప్పటినుంచో ఉన్న గాయం. దాన్ని ఆపే దారి పడతామని పెద్ద పెద్ద కంపెనీలు 2001లో హార్కిన్–ఎంగెల్ ఒప్పందం మీద సంతకాలు పెట్టాయి. 2005 అన్నారు, తర్వాత గడువు జరుపుకుంటూ పోయారు, పిల్లల పని మాత్రం ఆగలేదు. మన పెళ్లి సంతోషం ఇంకో పిల్లవాడి చదువు మీద నిలబడకూడదని నా కోరిక. ఏ తోట నుంచి, ఏ సంఘం నుంచి కొన్నారో చెప్పేవాళ్ల దగ్గర తీసుకోండి.

నిద్రమత్తు
పెళ్లి డబ్బా దగ్గర ఇంత బరువు అవసరమా అండీ? ఆ అమ్మాయి ఇప్పటికే టెన్షన్‌లో ఉంది.

గింజనుంచి
400 మందికి కొనేటప్పుడే అడగాలి. ఒక్క బార్ కొనుక్కునేవాళ్లు అడిగితే దుకాణంలో ఎవరూ పట్టించుకోరు, ఇంత పెద్ద ఆర్డర్ ఇచ్చేవాళ్లు అడిగితే వాకబు చేసి మరీ చెబుతారు.

పాపకోసం
గింజనుంచి గారితో నేనూ ఏకీభవిస్తున్నాను. ఒక్క ప్రశ్నే కదా, అడిగితే పోయేదేముంది?

ముద్రణాలయం
చాక్లెట్ మీదే పేర్లు అచ్చు వేయించుకోవచ్చని ఎవరూ చెప్పలేదేం? పల్చటి ప్లాస్టిక్ షీట్ మీద కోకో బటర్, తినే రంగులు కలిపి అచ్చు వేస్తారు. చాక్లెట్ ఇంకా తడిగా ఉన్నప్పుడు దాని మీద పరిచి, గట్టిపడ్డాక లాగేస్తే బొమ్మ చాక్లెట్‌కి అంటుకుని వస్తుంది. చూడముచ్చటగా ఉంటుంది. తేదీ మాత్రం వేయించకండి, పేర్లు చాలు. మా దగ్గర తేదీతో అచ్చయ్యాక ఇంట్లో ఎవరికో బాగోలేక పెళ్లి వాయిదా పడినవాళ్లున్నారు. అప్పుడు ఆ డబ్బాలు చూస్తే వాళ్ల ముఖాలు...

చప్పరింత
పేర్లున్న చాక్లెట్ కొరకాలంటే నాకు మనసు రాదు. ముందు అబ్బాయి పేరు తింటానో అమ్మాయి పేరు తింటానో!

పొడిమాట
అందరూ కరగడం గురించే మాట్లాడుతున్నారు. కరగని చాక్లెట్ ఒకటుంది, దాన్ని ఎవరూ తలవలేదు. తాగే చాక్లెట్ పొడి.

కోకో గింజల ముద్దలో దాదాపు సగం కొవ్వే. 1828లో నెదర్లాండ్స్‌లో వాన్ హౌటెన్ వాళ్లు ఆ ముద్దని పిండి కొవ్వు విడదీసే ప్రెస్‌కి పేటెంట్ తీసుకున్నారు. పిండాక మిగిలిన చెక్కని దంచితే వచ్చేదే కోకో పొడి. అందులో కొవ్వు ఎక్కువగా 10 నుంచి 24 శాతం మధ్య ఉంటుంది, అందుకే ఎండలో ఉన్నా ముద్దవదు. చిన్న గాజు సీసాలో కోకో పొడి, చక్కెర కలిపి పోసి, మెడకి ఒక చీటీ కట్టండి: ఇన్ని చెంచాలు, ఇన్ని వేడి పాలు అని. ఆ పొడి అయిపోయాక సీసా వాళ్లింట్లో ఉంటుంది. మీ అత్తగారు కోరినట్టు పదికాలాల పాటు.

పెద్దరికం_60
ఇదీ మాటంటే! ఆ సీసాలో నేను ఏలకులు పోసుకుంటాను.

గడపదాటని_పిల్లి
నాకు నచ్చలేదు. పెళ్లి నుంచి వెళ్తూ వెళ్తూ నోట్లో వేసుకునే ఆనందం వేరు. పాలు కాచుకుని తాగమంటే అది ఇంకో రోజు పని అవుతుంది, ఆ సీసా కూడా నా అర పక్కకి చేరుతుంది.

పొడిమాట
ఇంకో రోజు పని కావడమే నాకు నచ్చింది. పెళ్లి అయిన పది రోజులకి వాన పడుతుంటే ఎవరో ఒకరు ఆ సీసా తీసి, కప్పులో పోసుకుని, మీ గురించి మాట్లాడుకుంటారు.

కోకోచేతులు
రెండింటికీ మధ్యలో ఒకటుంది. పైన గట్టి చక్కెర పొర ఉండే చాక్లెట్ గోళీలు. లోపల మెత్తబడినా పై పొర వల్ల చేతికి అంటదు. మెరుపు కోసం కొన్నింటికి లక్క నుంచి తీసిన పూత వేస్తారు, శాకాహారం విషయంలో పట్టింపు ఉన్నవాళ్లు దాన్ని కూడా అడిగి తెలుసుకోవాలి. తాజా క్రీమ్‌తో చేసే మెత్తటి ట్రఫుల్స్ జోలికి మాత్రం వెళ్లకండి. రుచిలో వాటికి సాటి లేదు, కానీ రెండు మూడు వారాలకి మించి ఉండవు, వేడి అసలు పడదు.

తోకఊపు
ఒక చిన్న మనవి. డబ్బాలు కిందపడితే ఏరేయించండి. కుక్కలకి చాక్లెట్ విషం. అందులోని థియోబ్రోమిన్ వాటి ఒంట్లో త్వరగా కరగదు, గుండె దడ, వాంతులు, ఫిట్స్ కూడా వస్తాయి. డార్క్ అయితే ఇంకా ప్రమాదం. ఆరుబయట పెళ్లి అంటున్నారు కాబట్టి చెబుతున్నాను.

వెన్నెలవాన
ఇక్కడ చెప్పినవన్నీ రాసుకుని ఇంట్లో అందరి ముందూ పెట్టాను. రెండు రకాల శాంపిల్స్ కూడా తెప్పించాం. మధ్యాహ్నం బాల్కనీలో నీడలో ప్లేటు మీద పెట్టి తలుపు వేశాం. సాయంత్రానికి కాంపౌండ్ అలాగే నిలబడి ఉంది. అసలైన డార్క్ మీద వేలు పెడితే గుంట పడింది. అన్నయ్య ముఖం వెలిగిపోయింది. అప్పుడు అత్తగారు రెండూ రుచి చూశారు. కాంపౌండ్ ముక్క సగం తిని పక్కన పెట్టేశారు. మెత్తబడిన డార్క్ మాత్రం చెంచాతో తీసుకుని మొత్తం తినేశారు! “ఇచ్చేదేదో ఇలాంటిదే ఇవ్వాలి” అన్నారు. ఆ మాట వినగానే నాకు ఏడుపొక్కటే తక్కువ.

కుటుంబానికో సీసా చాక్లెట్ పొడి ఇద్దామనుకుంటున్నాం. సీసా రకం అత్తగారే ఎంచుతారు. దానితో పాటు, వెళ్లే దారిలో ఏసీ గది నుంచి తెచ్చిన డార్క్ ముక్క మనిషికొకటి, అక్కడే తినడానికి. పప్పులు లేనివే. కోకో ఎక్కడిదో అడిగాను, కనుక్కుని చెబుతామన్నారు.

గడపదాటని_పిల్లి
అక్కడే ఒక ముక్క ఇస్తారంటే ఇంక నాకు పేచీ లేదు.

మండపంమనిషి
ముక్కలిచ్చే బల్ల దగ్గర చెత్తబుట్ట పెట్టించండి, ర్యాపర్లు అక్కడే పడతాయి. తోకఊపు గారి భయమూ తీరుతుంది.

లెక్కలపిచ్చి
సీసాలు కుటుంబాల లెక్కకి ఓ పదిశాతం ఎక్కువ చేయించండి. పిలవడం మర్చిపోయినవాళ్లు కూడా వస్తారు.

వెన్నెలవాన
అలాగే. చివరి సందేహం. పొడి మేమే ఇంట్లో కలిపి నింపుదామని అత్తగారి సరదా. ఎన్ని రోజుల ముందు చేయొచ్చు? గడ్డ కట్టదు కదా?

పొడిమాట
తడి తగలకపోతే నెలల పాటు ఉంటుంది. సీసాలు కడిగాక బోర్లించి పూర్తిగా ఆరనివ్వండి, మూతల లోపలి అంచు కూడా. పాల పొడి మాత్రం కలపకండి, అది తేమ లాగుతుంది, పాపకోసం గారి పాపలాంటివాళ్లలో పాలు పడనివాళ్లకీ ఇబ్బంది.

కోకోచేతులు
చక్కెర మెత్తగా పొడి కొట్టి, కోకోతో కలిపి రెండుసార్లు జల్లించండి. లేకపోతే కోకో ఉండలు కట్టి పాలల్లో తేలుతుంది. చిటికెడు ఉప్పు వేస్తే రుచి నిలబడుతుంది. వాన పడే రోజు నింపకండి, ఎండ కాసే రోజు ఫ్యాన్ ఆపి నింపండి. ఫ్యాన్ ఉంటే ఇల్లంతా కోకోనే.